మూడొందల గుర్రాలు, ఒక కన్నం

ఈ కథకి మీరు ఊ కొట్టక్కర్లేదు. మధ్యమధ్యలో తల కొట్టుకుంటే చాలు.

మా కాకరమెట్టలో తెలివికి ఏనాడూ కరువు లేదు. ఊళ్ళో ఉన్న తెలివంతా మా ఎదురింటివాళ్ళే పట్టుకుపోయి, వాడితే అరిగిపోతుందని ఎక్కడో భద్రంగా దాచిపెట్టారు. ఎక్కడ దాచారో వాళ్ళకీ గుర్తులేదు. ఆ ఇంటికి పెద్దదిక్కు నరసాయమ్మ. ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరభద్రం ఆలోచిస్తాడు. నడిపివాడు గవర్రాజు ఆ ఆలోచన ఎంత గొప్పదో ఊరందరికీ చెబుతాడు. చిన్నవాడు పేర్రాజు ఆ ప్రకారం పనిచేసి, దెబ్బలు తగిలించుకుని ఇంటికొస్తాడు. పని అలా పంచుకున్నారు.

"మా పిల్లలకి ఒక్క మాట చెబితే చాలండి, అక్షరం పొల్లుపోదు," అని నరసాయమ్మ మురిసిపోయేది. అది మాత్రం నిజం. భోజనానికి ముందు రోజూ మైలు దూరం నడవమని డాక్టరు చెబితే, గవర్రాజు మైలు నడిచి, అక్కడ ఎవరిల్లుంటే వాళ్ళింట్లో భోంచేసి వచ్చేవాడు. ఆ మైలు చివర ఉన్నది మా వియ్యంకుడి ఇల్లు. అందుకని ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త కారం తగిలితే ఏమీ అనుకోకండి.

ఆ ఇంట్లో ఒక కారుంది. వాళ్ళ తాత జమీందారు గారి దగ్గర డ్రైవరుగా చేసినందుకు కానుకగా దక్కిన అమెరికా కారు. ఎర్రటి రంగు, మొసలి మూతిలా పొడుగాటి ముందుభాగం, మడిచి పెట్టుకునే గుడ్డ పైకప్పు. స్టార్టు చేస్తే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. వాళ్ళ నాన్న ఉన్నంతకాలం ఆయనే నడిపాడు, ఆయనే తుడిచాడు, కొడుకుల్ని దాని దరిదాపులకి రానివ్వలేదు. ఆ ఇంట్లో జరిగిన తెలివైన పని అదొక్కటే. పోయేముందు మాత్రం ముగ్గుర్నీ పిలిచి, "ఒరేయ్, దీనికి మూడొందల గుర్రాల బలముందిరా. జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు. అంతే, కన్నుమూశాడు. ఇంకొక్క మాట చెప్పి పోయుంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక పేర్రాజు సంగతి. వాడికి ముప్పై దాటి నాలుగేళ్ళయింది. మంచివాడు. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడు, వాడు నవ్వితే ఎదుటివాడికీ నవ్వొస్తుంది. అయినా పిల్లనిచ్చేవాడు లేడు. సంబంధానికని వచ్చినవాళ్ళు వీరభద్రంతో అరగంట మాట్లాడి, ఎవరి చెప్పులు ఎవరు వేసుకుంటున్నారో కూడా చూసుకోకుండా వెళ్ళిపోయేవారు. చివరికి ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న నీళ్ళపల్లి నుంచి సోమలింగం గారు వచ్చారు. ఆయన కూతురు మాణిక్యాంబ. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల ఒకే ఒక్క షరతు పెట్టింది.

"మూడొందల గుర్రాల కారున్న ఇల్లని చెప్పారు కదండి. పెళ్ళికొడుకు ఆ కారులోనే ముహూర్తానికి మా గుమ్మం ముందు దిగాలి. లేదంటే నేను పీటల మీంచి లేచిపోతానండి."

"మా అమ్మాయి మాటంటే మాటేనండి, ఆయ్. మహా తెలివైన పిల్ల," అన్నారు సోమలింగం గారు.

"మాకూ అచ్చం మాలాంటి పిల్లే కావాలండి," అంది నరసాయమ్మ. పైన ఎవరో విన్నారు.

ఆ రోజు మొదలు పేర్రాజు పొద్దున్నా సాయంత్రం కారు తుడవడమే పని పెట్టుకున్నాడు. ఈ సంబంధం కూడా పోతే ఇంక తనకి పెళ్ళి లేదని వాడికి తెలుసు. వాడికి తెలిసిన విషయాలు తక్కువ కాబట్టి, ఇది గట్టిగా తెలుసు. ఒకరోజు నన్ను ఆపి, "ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వలేదండి. నాతోపాటు నవ్విందండి," అన్నాడు. వాడి నోటినుంచి అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు.

పెళ్ళికి ముందురోజు కారు స్టార్టు చేసి చూశారు. గర్జించింది. ఆపేసి ముగ్గురూ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అన్నయ్యా, రేపు అంత దూరం పోవాలి కదా. మరి గుర్రాలకి తిండేదీ?" అన్నాడు పేర్రాజు.

"పెట్రోలు పోశాం కదరా," అన్నాడు గవర్రాజు.

"అది తాగడానికి. తినడానికో?"

వీరభద్రం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. వాడు కళ్ళు మూసుకుంటే నాకు గుండె దడ. "నాన్న జాగ్రత్తగా చూసుకోమన్నాడా, లేదా? గుర్రం ఏం తింటుంది?"

"ఉలవలు," అన్నారు తమ్ముళ్ళిద్దరూ.

ఇంకేముంది, పెరట్లో గుండిగ పొయ్యెక్కింది. బస్తాడు ఉలవలు ఉడికాయి. వాటిని మెత్తగా రుబ్బారు. తీరా నోరెక్కడుందని అనుమానం వచ్చింది. ముందువైపు నీళ్ళు పోసే మూత తీస్తే గుప్పున ఆవిరొచ్చింది. ఊపిరి ఎక్కణ్ణించి వస్తే నోరూ అక్కడే ఉంటుందని వీరభద్రం తేల్చాడు. అందులో ఉన్న నీళ్ళు పారబోసి, ఉలవముద్దా కట్టూ కలిపి గరాటుతో దట్టించారు. నరసాయమ్మ ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఇంత చప్పగా ఎలా తింటాయిరా? పెళ్ళికెళ్ళే గుర్రాలు," అని ఇంగువ తాలింపు పెట్టించింది.

నేను మా అరుగు మీంచి చూసి ఉండబట్టలేక, "అది రేడియేటరర్రా, అందులో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పొయ్యకూడదు," అన్నాను.

వీరభద్రం నావంక జాలిగా చూశాడు. "మీది స్కూటరు కదండి. అందులో గుర్రాలుండవు. మీకు తెలీదు," అన్నాడు. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాను.

మర్నాడు పొద్దున్నే చుట్టాలందరూ బస్సెక్కి ముందే వెళ్ళిపోయారు, బతికిపోయారు. కారులో నలుగురు. వీరభద్రం నడుపుతున్నాడు. నాన్న నడుపుతుంటే దూరంనుంచి చూసి నేర్చుకున్నాడు, అందుకని దూరంగానే కూర్చుని చేతులు చాపి తిప్పుతాడు. పక్కన నరసాయమ్మ, వెనక గవర్రాజు, పట్టుపంచె కట్టి నుదుట బాసికం పెట్టుకున్న పేర్రాజు. వెనకాల స్కూటరు మీద నేను. నాకేం పని అంటారా? అదే ఇప్పటికీ నా భార్య అడుగుతూ ఉంటుంది.

కాలవగట్టు ఎక్కేసరికి కారు ముందునుంచి పొగ మొదలైంది. దాంతోపాటు ఉలవచారు వాసన. చేలో పనిచేసేవాళ్ళు తలలెత్తి, ఎవరింట్లోనో పెళ్ళి కాబోలని లొట్టలేశారు.

"అన్నయ్యా, ఆ ముల్లు ఎర్రగీతలోకి వచ్చేసింది," అన్నాడు వెనకనుంచి పేర్రాజు.

"కారూ ఎరుపే కదరా. రంగుకి రంగు కలిసింది, శుభం," అన్నాడు వీరభద్రం.

"పొగొస్తుంది కదా అన్నయ్యా."

"వండింది వేడిగా వడ్డించాలంటే పొగ రాదేంట్రా?" అన్నాడు గవర్రాజు.

అంతే. ఢామ్మని ఒక చప్పుడు. ఇనప గుండిగని ఎవరో లోపల్నుంచి గునపంతో పొడిచినట్టు ఇంకో చప్పుడు. కారు కింద నల్లటి నూనె మడుగు కట్టింది. బండి ఓ పక్కకి ఒరిగి, సరిగ్గా కాలవ లాకుల దగ్గర, ఖాదర్ వలీ షెడ్డు ముందు ఆగిపోయింది. మెకానిక్కు షెడ్డు ముందు ఆగడం చూసి, "చూశారా, గుర్రాలకి ఎంత తెలివో," అంది నరసాయమ్మ.

ఖాదర్ వలీ పెద్దమనిషి. లారీలు, ట్రాక్టర్లు బాగుచేసి చేసి జుట్టు నెరిసింది. ముందు మూత ఎత్తి, వేలితో ముద్ద తీసి వాసన చూశాడు.

"ఏంటండి ఇది?"

"ఉలవలండి. మీగడ వెయ్యలేదు, ఏమీ అనుకోకండి," అంది నరసాయమ్మ.

ఆయన చాలాసేపు ఏమీ అనుకోలేదు. తర్వాత వేలు గుడ్డకి తుడుచుకుని చెప్పాడు. "నీళ్ళు తిరగాల్సిన దారులన్నీ పూడుకుపోయాయండి. ఇంజను కాగిపోయి, లోపల రాడ్డు విరిగి, పక్క పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఇదిగో, పిడికిలి దూరేంత కన్నం. ఇంజను పోయిందండి. మొత్తం దింపి బాగుచేయడానికి నెలపైన పడుతుంది. ఇప్పుడు దీనికి గుర్రబ్బలం కాదు గదా, కోడిపెట్ట బలం కూడా లేదు."

వీరభద్రం మొహం పాలిపోయింది. "మూడొందలూ పోయాయా?"

"పోయాయండి."

"ఈ కన్నంలోంచేనా?"

ఖాదర్ వలీ విసిగిపోయి, "ఆ, అందులోంచే," అన్నాడు. మంచి మనిషి, ఆ ఒక్క ముక్కా అనకుండా ఉండాల్సింది.

"ఒకటో రెండో ఇంకా లోపల మిగిలి ఉంటాయి. ముందు కన్నం మూయండర్రా," అని వీరభద్రం కేకేశాడు. మూయడానికి గుడ్డ కావాలి. దగ్గర్లో ఉన్న మంచి గుడ్డ పెళ్ళికొడుకు పట్టుపంచె. ఇంకేముంది, దాన్ని విప్పి, ఉండచుట్టి, కన్నంలో కుక్కేశారు. పేర్రాజు తుండుగుడ్డ చుట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు.

"ఒరేయ్ పేర్రాజూ, ముహూర్తం దగ్గరపడుతుందిరా. నా స్కూటరెక్కు, గట్టు దిగితే నీళ్ళపల్లే," అన్నాను.

వాడు స్కూటరు వంక ఆశగా చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కారులో రమ్మన్నారండి," అన్నాడు.

గవర్రాజు అప్పటికే వంగి నేలంతా వెతుకుతున్నాడు, గిట్టల గుర్తుల కోసం. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, "మూడొందల గుర్రాలు ఇటుగా పరిగెత్తడం చూశారా? ఇప్పుడే బయల్దేరాయి," అని అడుగుతున్నాడు. ఎవరూ చూడలేదన్నారు. అంత వేగంగా పోయాయన్నమాట అని వాడు గర్వపడ్డాడు.

సరిగ్గా అప్పుడే గట్టు కిందనుంచి ఒక ముసలి గుర్రం మెల్లగా నడిచొచ్చింది. అది అప్పన్నది. జట్కా మానేసి ఆటో కొనుక్కున్నాక అప్పన్న దాన్ని గట్టు మీద మేతకి వదిలేశాడు. ఉలవల వాసనకి వచ్చిన గుర్రం నేరుగా కారు ముందుకెళ్ళి, రేడియేటరుని నాకడం మొదలెట్టింది.

"ఒకటి తిరిగొచ్చింది," అన్నాడు వీరభద్రం. దాని మెడ నిమిరాడు. "ఇల్లు గుర్తుపట్టింది చూడండర్రా."

వెనకాలే అప్పన్న వచ్చాడు. అది తన గుర్రమని అప్పన్న, తమ గుర్రమని అన్నదమ్ములు. నేను అప్పన్నని పక్కకి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. అప్పన్న పొట్ట పట్టుకుని నవ్వి, "సరేనండి, ఈ పూటకి మీదే. తాళ్ళు వేసి కారుకి ముందు కట్టండి, నీళ్ళపల్లి దాకా లాగేస్తుంది," అన్నాడు.

ఆ రోజు మొత్తానికి ఎవరైనా అన్న పనికొచ్చే మాట అది. అందుకే ఎవరూ వినలేదు.

"గుర్రం బయటుండి లాగితే దాన్ని గుర్రబ్బండి అంటారండి," అన్నాడు వీరభద్రం. "లోపలుంటేనే కారు. ఆ పిల్ల కారులో రమ్మంది. మాట తప్పి మోసం చెయ్యమంటారా?"

"అన్నయ్య చెప్పాక ఇంకేముందండి," అన్నాడు గవర్రాజు.

అంతే. గుర్రాన్ని ఇంజను దగ్గర పెట్టబోయారు. ముందుకాలు ఒకటి పట్టింది, మిగతాది పట్టలేదు. గుర్రం ఒక తన్ను తన్నితే లైటు పగిలింది. దాంతో పైకప్పు మడిచేసి, వెనక సీటు దగ్గర షెడ్డులోని బల్ల ఒకటి వాల్చి, ఇంటినుంచి తెచ్చిన ఉలవల గిన్నె సీట్లో పెట్టారు. గుర్రం ఎవరూ చెప్పకుండానే ఎక్కి నిలబడింది. అక్కడున్నవాళ్ళలో దానికే తను ఏం చేస్తోందో తెలుసు.

మరి కారు కదిలేదెలా? పెద్దవాడు కాబట్టి వీరభద్రం చక్రం పట్టుకోవాలి. గవర్రాజు ముందు నడుస్తూ మిగతా గుర్రాల కోసం చూడాలి. నరసాయమ్మ ముందు సీట్లో కూర్చోవాలి, పెళ్ళికొడుకు తల్లి కదా. మిగిలింది పేర్రాజు. "నేను తోస్తాలే అన్నయ్యా," అన్నాడు. చెమటకి బాసికం పాడవుతుందనీ, శుభకార్యానికి కట్టింది నేల మీద పెట్టకూడదనీ, దాన్ని విప్పి గుర్రం నుదుటికి కట్టారు. గట్టు దిగేదాకా ఖాదర్ వలీ, అప్పన్న, నేనూ ఓ చెయ్యి వేశాం. ఆ తర్వాత వాడొక్కడే తోశాడు. ఒళ్ళంతా నూనె, మసి, దుమ్ము.

నీళ్ళపల్లి చేరేసరికి సన్నాయి మోగుతోంది. సోమలింగం గారి భార్య ఆయనకి ముందే గట్టిగా చెప్పి ఉంచింది: "కారు వెనక సీట్లో బాసికం కట్టుకుని ఉంటాడు, ముందు కాళ్ళు కడగండి." ఆయన మాట జవదాటే మనిషి కాదు. గుర్రాన్ని దింపించి, వెండి పళ్ళెంలో ఒక్కో కాలూ పెట్టి, శ్రద్ధగా కడిగారు. కడుగుతూ, "మా పెద్దల్లుడికి రెండే ఉన్నాయి," అని పక్కవాళ్ళతో గొప్పగా చెప్పుకున్నారు.

పేర్రాజుని చూసి కూలీవాడనుకుని, ఎవరో పందిరి బయట కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. వాడు తాగాడు. ఇస్తే తాగాలి కదా. వీరభద్రమూ గవర్రాజూ, ముందు వాహనానికి పూజ చేసి ఆ తర్వాత వరుణ్ణి పిలవడం ఈ ఊరి ఆచారం కాబోలని తలలూపుతూ కూర్చున్నారు. నేను అడ్డుపడదామనే అనుకున్నాను. కానీ నా మాట వినే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. పైగా నిజం చెప్పొద్దూ, చూడాలనిపించింది.

పంతులుగారు పుస్తకంలోంచి తలెత్తే మనిషి కాదు. అడ్డుతెర పట్టారు. ఇటు మాణిక్యాంబ, అటు గుర్రం. ముహూర్తం వచ్చింది, మంత్రం చదివారు. పిల్ల తెర మీదుగా చెయ్యి చాపింది. గుర్రం జీలకర్రా బెల్లం శుభ్రంగా నాకేసింది. తెర దించారు.

మాణిక్యాంబ గుర్రాన్ని కిందినుంచి పైదాకా చూసింది. మొహం ముడుచుకుంది.

"ఒకటే ఉందేంటండి?" అంది. "మూడొందలన్నారు."

పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట విని పేర్రాజు బయటినుంచి పరిగెత్తుకొచ్చాడు. తుండుగుడ్డ, మసి మొహం, మూతి మీద మజ్జిగ. "పెళ్ళికొడుకుని నేనండి," అన్నాడు.

"మీరు కారులో రాలేదు కదండి. కారు వెనకాల వచ్చారు," అంది మాణిక్యాంబ.

వాడు అన్నల వంక చూశాడు. జీవితంలో మొదటిసారి వీరభద్రానికి ఏ ఆలోచనా రాలేదు. పేర్రాజు తల దించుకున్నాడు. "గుర్రాలన్నీ కన్నంలోంచి పారిపోయాయండి. ఒక్కటే దొరికింది. మీరు కారే కావాలన్నారని, దాన్ని లోపల పెట్టి, లాకుల దగ్గర్నుంచి తోసుకొచ్చానండి," అన్నాడు. నేను చూస్తూ ఊరుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

మాణిక్యాంబ కాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్కేసింది.

"మూడొందల గుర్రాలు లాగే కారుని మీరొక్కరే తోశారా?"

"అవునండి."

"పైగా లోపల ఒక గుర్రం కూడా ఉందా?"

"ఉందండి."

"అయితే మీరు మూడొందల ఒకటి," అంది. ఆ పిల్ల మొహం విచ్చుకుంది. "నాన్నా, నేనడిగినదానికంటే ఒకటి ఎక్కువే వచ్చింది. తాళి కట్టించండి."

ముహూర్తం దాటకముందే కట్టేశాడు. నేను అక్షింతలు వేసిన చేత్తోనే కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉండేది. కానీ వాళ్ళు ఆగే మనుషులా?

నీళ్ళపల్లి జనమంతా తోస్తే కారు సాయంత్రానికి మా వీధికి చేరింది. కొత్తకోడలు గడప దాటగానే, "గుర్రాలు పారిపోయిన కన్నం చూపించండి," అంది. చూపించారు. పట్టుపంచె కుక్కి ఉంది. మాణిక్యాంబ నడుం మీద చేతులు వేసుకుని ముగ్గుర్నీ చూసింది.

"ఎంత తెలివితక్కువ పనండి ఇది?" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో ఒక మనిషి పుట్టిందనుకున్నాను.

"కన్నం మూసేస్తే అవి మళ్ళీ లోపలికి ఎలా వస్తాయి?" అంది.

అన్నదమ్ములు సిగ్గుతో తలలు దించుకున్నారు. పంచె పీకేశారు. మర్నాడు ఖాదర్ వలీ ఇంజను దింపడానికి సామాన్లతో వస్తే, "అది తీసుకెళ్తే గుర్రాలు వచ్చి ఎక్కడ పడుకుంటాయండి?" అని మాణిక్యాంబ పంపించేసింది. రోజూ కారు ముందునుంచి వీధి చివరిదాకా ఉలవలు బారుగా పోసేది. సాయంత్రమయ్యేసరికి అప్పన్న గుర్రం గట్టు వెంట నడిచొచ్చి, మా ఊరి దగ్గర దిగి, ఏరుకుంటూ ఏరుకుంటూ కారుదాకా వచ్చేది. చీకటి పడ్డాక వెళ్ళిపోయేది. "ఒకటి వచ్చింది," అని పేర్రాజు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. మర్నాడు అదే గుర్రం. "ఇంకోటి వచ్చింది," అని ఇంకో గీత. "అన్నీ ఒకే పోలిక, అక్కచెల్లెళ్ళు కాబోలు," అనేది నరసాయమ్మ.

గోడ నిండింది. మూడొందలూ అయ్యాయి. ఆ రోజు ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుని, కొత్తబట్టలు కట్టుకుని, కారుకి హారతిచ్చి ఎక్కి కూర్చున్నారు. నేనూ అరుగు మీద కూర్చున్నాను. వీరభద్రం దేవుడికి దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు.

మాణిక్యాంబ మూతి మీద వేలేసుకుంది. "మెల్లగా బావగారూ. పాపం అంత దూరంనుంచి నడిచొచ్చాయి. నిద్రపోతున్నాయి."

అంతే. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి నరసాయమ్మ మా ఇంటికి వచ్చి, గుసగుసగా, "ఏమీ అనుకోకండి బాబూ, మీ స్కూటరు మా ఇంటి ముందు స్టార్టు చెయ్యకండి, గుర్రాలు లేస్తాయి," అంది.

అప్పట్నుంచీ నేను రోజూ పొద్దున్నే స్కూటరుని వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్తున్నాను.